బై నంబర్లు

ముందు పెన్సిల్‌తో రాసుకోమన్నారు,
ఖాయమయ్యాక పెన్నుతో.
పటంలో అడ్డగుట్ట అరచేయంత ఉంది.
ఎక్కితే మోకాళ్లకు తెలుస్తుంది ఎంతుందో.

నేను లెక్కల టీచర్ని.
పొద్దున ఎనిమిదో తరగతికి సగటు చెప్పి
మధ్యాహ్నం నుంచి మనుషుల్ని ఎంచుతాను.
సంచిలో చాక్‌పీసులు, నీళ్ల సీసా,
మెడలో కార్డు,
కార్డులో నాకంటే పదేళ్లు చిన్నదైన నేను.

ఇక్కడ ఇంటి నంబరు ఎవరూ ఒక్క ముక్కలో చెప్పరు.
మూడొందల పన్నెండు బై ఏ బై ఒకటి.
తండ్రి కట్టింది మూడొందల పన్నెండు.
పెద్దోడు నడుమ గోడ పెడితే బై ఏ.
చిన్నోడు మెట్ల కింద రేకులేసుకుంటే బై ఒకటి.
ప్రతి గీత దగ్గరా ఒక పంచాయితీ జరిగే ఉంటుంది,
ఒక ఆడమనిషి గిన్నెలు పంచుకునే ఉంటుంది.
నేను బోర్డు మీద నేర్పే భాగహారాన్ని
వీళ్లు తలుపుల మీద రాసుకున్నారు.

నేల: నాపరాయి.
గోడ: ఇటుక, సున్నం లేదు.
కప్పు: రేకులు, గాలికి లేవకుండా వాటి మీద పాత టైర్లు.
టైర్లకు గడి లేదు.

గదులెన్ని?
ఒకటి.
పెళ్లయిన జంటలెన్ని?
రెండు.
ఇస్తారి కోడలు గది నడుమ వేలాడే చీర వైపు చూసి
చప్పున తల తిప్పుకుంది.
నేనూ ఫారంలోకే చూశాను.

ఒకే పొయ్యి మీద తినేవాళ్లంతా ఒక కుటుంబం.
శిక్షణలో మూడుసార్లు చెప్పారు.
చుట్టరికం చూడొద్దు,
పొయ్యి చూడండి.

చూశాను. ఒరిస్సా పిల్లలు పదకొండు మంది, ఒక్క పొయ్యి.
పగలు ఆరుగురు పడుకుంటారు, రాత్రి ఐదుగురు,
చాపలు చల్లారవు.
యజమాని ఎవరంటే
ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకుని
వంకాయలు తరుగుతున్నవాణ్ని చూపించారు.
ప్రఫుల్ల. పంతొమ్మిదేళ్లు.
మీసం రావాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది.
పెన్నుతోనే రాశాను: కుటుంబ యజమాని.

ఆగిపోయింది సబీహా దగ్గర.
తొమ్మిదేళ్లు. తల్లికి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ.
ఆ గదిలో స్టవ్ ఉంది, సిలిండర్ లేదు.
"మా దాంట్ల రాయుండ్రి, బువ్వ నేనే పెడ్తున్న"
అంది బిస్మిల్లా బీ.
"పండేది నా పక్కల. రాత్రి కలవరిస్తే లేచేది నేను"
అంది బాలామణి, బిందె కింద పెట్టకుండానే.
రేషనేం పెరగదమ్మా, పైసలేం రావు, అన్నాను.
వాళ్లకది ముందే తెలుసు.
సందులో నిలబడి చాలాసేపు కొట్లాడారు,
అన్నం ఒక పక్క, దుప్పటి ఒక పక్క.
ఒకసారి అక్కడ రాశాను, చెరిపి ఇక్కడ రాశాను,
చెరిపీ చెరిపీ కాగితం పలచబడి
కింద నా బొటనవేలు కనిపించింది.
పిల్ల మాత్రం తలుపు మీది చాక్ అంకెల్ని
వేలితో దిద్దుకుంటూ అడిగింది:
"మేడం, నాది బై ఎంత?"

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను.
"ఎక్కడో ఒకచోట వేసేయండి మేడం, టీ తాగి రండి."
సాయంత్రం ఆయన సెల్లులోనే కూడి, భాగించి
ఇంటికి సగటు నాలుగు పాయింట్ మూడు,
బాగానే వచ్చింది, అన్నాడు.
పాయింట్ మూడు మనిషి ఎట్లుంటడు టీచర్ అని
ప్రతి ఏడూ ఎవడో ఒక పిల్లాడు అడుగుతాడు.
ఇన్నేళ్లూ నవ్వి ఊరుకునేదాన్ని.

పొద్దుగూకి చిలకలగూడలో మూడంతస్తులెక్కితే
నా తలుపు మీద ఎవరో నంబరు వేసి పోయారు.
పక్కింటి దుర్గాబాయి చెప్పింది:
"మూడుసార్లొచ్చింది పాపం,
తాళమేసి ఉందని రాసుకపోయింది."
అంకెలు గుండ్రంగా ఉన్నాయి.
ఏ బడి టీచరో.

సంచిలో ఫారాలన్నీ పెన్నుతో నిండాయి.
ఆ ఒక్క గడి ఇంకా పెన్సిల్‌లోనే ఉంది.